నాన్న ఇంటి పత్రాలు తాకట్టు పెట్టి వ్యాపారంలోకి దిగవచ్చా?

నిజాంపేట వాసి
చదివింది మెకానికల్, చేస్తున్నది మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మిత్రుడితో కలిసి బాలానగర్‌లో సీఎన్‌సీ యంత్రం (కంప్యూటరు సాయంతో లోహాన్ని కోసేది) పెట్టి జాబ్‌వర్కు, అంటే ఇతరుల ఆర్డర్ల మీద విడిభాగాలు చేసివ్వడం, మొదలుపెట్టాలని కోరిక. ఫ్లాటు వాయిదాలు నడుస్తున్నాయి. వరంగల్‌లో నాన్న కట్టిన ఇంటి పత్రాలు పెడితే బ్యాంకు అప్పు ఇస్తానంటోంది. రాజీనామా రాసి పెట్టుకున్నాను, పంపడానికి చెయ్యి రావడం లేదు. ఆ ధైర్యం ఎలా తెచ్చుకోవాలి?

బాలానగర్ షెడ్డు
దిగితే గానీ లోతు తెలియదు. అంజిరెడ్డి గారు ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో ఉద్యోగాన్నే నమ్ముకుని ఉంటే 1984లో డాక్టర్ రెడ్డీస్ మందుల సంస్థ పుట్టేదా? రాకెట్ల సంస్థ స్కైరూట్ పెట్టిన ఇద్దరూ ఇస్రోను వదిలి వచ్చినవారే. 2018లో సంస్థ పెట్టారు, 2022 నవంబరు 18న శ్రీహరికోటలో వారి విక్రమ్-ఎస్ రాకెట్ ఎగిరింది. పాతికేళ్ల వయసులో లేత్ కొనుక్కుంటానంటే నాన్న, బాబాయిలు నన్ను మధ్యలో కూర్చోబెట్టి పరువు తీయవద్దన్నారు. నలభై దాటాక గానీ షెడ్డు వేయలేకపోయాను. పోయిన ఆ ఏళ్లు ఎవరు తెచ్చిస్తారు? పంపేయండి.

లెక్కల మాస్టారు
అంజిరెడ్డి గారి పేరు ఎత్తారు కనుక పూర్తిగా చెప్పండి. 1984కు ముందే ఆయన యూనిలాయిడ్స్, స్టాండర్డ్ ఆర్గానిక్స్ అనే సంస్థలు నడిపారు. కొత్తగా దిగినవారు కారు. ఈయన చేతిలో ఒక్క ఆర్డరైనా ఉందా? చిన్న పరిశ్రమల బిల్లులు 45 రోజులు దాటకుండా చెల్లించాలని 2006 చట్టం చెబుతోంది. కానీ ఫిర్యాదు చేస్తే రేపటి ఆర్డరు పోతుందని నోరు మూసుకునేవారే ఎక్కువ. బిల్లు ఆగినంత మాత్రాన ఫ్లాటు వాయిదా ఆగుతుందా?

మియాపూర్ యువకుడు
ఉద్యోగానికి మాత్రం భరోసా ఏముంది? నన్ను ఉదయం పిలిచి, మధ్యాహ్నానికల్లా గుర్తింపు కార్డు తీసుకుని పంపేశారు.

బాలానగర్ షెడ్డు
మాస్టారూ, ఆ రెండు సంస్థలూ ఐడీపీఎల్ వదిలాకే కదా? మొదటిసారి దిగినప్పుడు ఆయనకు ఏ వ్యాపార అనుభవం ఉంది?

లెక్కల మాస్టారు
మందుల కర్మాగారంలో పనిచేసి మందుల తయారీలోకే వెళ్లారు. సాఫ్ట్‌వేర్ నుంచి లోహం పనికి రాలేదు.

బాలానగర్ షెడ్డు
చదివింది మెకానికల్ అని మొదటి వాక్యంలోనే రాశారు. చదవకుండా జవాబిస్తే ఎలా? పని నేర్పేది యంత్రమే. ఈ మధ్య నా దగ్గర బుష్‌ల (ఇరుసుకు తొడిగే గొట్టపు ముక్కల) లాటు మొత్తం వెనక్కి వచ్చింది. లోహాన్ని కోసే ముక్క, ఇన్‌సర్టు, అంచు అరిగిపోయినా కుర్రవాడు గమనించలేదు, లోపలి వ్యాసం 20 మైక్రాన్లు (మిల్లీమీటరులో యాభయ్యో వంతు) తగ్గింది. నష్టం భరించాను, మర్నాడు మళ్లీ యంత్రం ముందు నిలబడ్డాను. ధైర్యమంటే నాకు తెలిసింది అదే. అది కుర్చీలో కూర్చుని లెక్కలు వేస్తే రాదు.

చిక్కడపల్లి పాఠకుడు
అంజిరెడ్డి గారిని ఇక వదిలిపెట్టి, అడిగినవారికి జవాబు చెప్పండి.

నల్లకుంట ఇల్లాలు
మా ఆయన ఉద్యోగం మానేసి అట్టపెట్టెల యూనిట్ పెట్టినప్పుడు బంధువులంతా గుండె నిబ్బరం అంటే నీదే అని మెచ్చుకున్నారు. నా నగలు కుదువ పెట్టాలని నాకు చెప్పారు, అడగలేదు. బ్యాంకులో నా గాజులను గీటురాయి మీద గీసి, నెక్లెసులో రాళ్ల బరువు తీసేసి తూకం రాస్తుంటే పక్కనే కూర్చున్నాను. ఖాతా నా పేరు మీద ఉంది కాబట్టి వేలం నోటీసూ నా పేరుకే వచ్చింది. మెచ్చుకున్నవారిలో ఒక్కరూ ఆ రోజు గుమ్మం తొక్కలేదు. ఐడీపీఎల్ గురించి ఇంత రాశారు. వరంగల్ ఇంట్లో ఉంటున్నవారి గురించి మీలో ఒక్కరైనా అడిగారా?

బాలానగర్ షెడ్డు
అమ్మా, మీ కష్టం చిన్నది కాదు. కానీ ఇంటిల్లిపాదినీ ఒప్పించాకే దిగాలంటే ఈ నగరంలో ఒక్క షెడ్డూ లేవదు. నన్ను ముంచింది ఆ అడగడమే!

నల్లకుంట ఇల్లాలు
మీరు వాళ్లను డబ్బు అడిగారా, అనుమతి అడిగారా?

బాలానగర్ షెడ్డు
పైసా అడగలేదు. నా జీతంలో దాచుకున్నదే. అయినా వద్దన్నారు. ఇన్నేళ్లయినా ఆ మంట చల్లారలేదు.

నల్లకుంట ఇల్లాలు
అయితే మీకు అన్యాయమే జరిగింది. మీ డబ్బుతో మీరు చేసుకునే పనికి వాళ్లు అడ్డుపడ్డారు. ఇక్కడ సంగతి అది కాదు. పోతే పోయేది ముసలివాళ్ల నీడ. సొంత సొమ్ము పోగొట్టుకోవడానికి సిద్ధపడేవారిని నేనూ మెచ్చుకుంటాను. పక్కవారి గూడు పెట్టి ఆడేవారిని ధైర్యవంతులని మాత్రం అనలేను.

లెక్కల మాస్టారు
మొదటి నుంచీ నేను చెబుతున్నదీ అదే.

బాలానగర్ షెడ్డు
మీరు చెప్పింది అనుభవం గురించి, మాస్టారూ. ఈ మాట ఆమెది.

నిజాంపేట వాసి
నాన్నను ఇంకా అడగలేదు. అడిగితే కాదనరు, పత్రాలు తీసి చేతిలో పెడతారు. అందుకే అడగడానికి నోరు రావడం లేదు. భయం వ్యాపారమంటే కాదని ఇదంతా చదివాక అర్థమైంది.

బాలానగర్ షెడ్డు
అయితే ఆ పత్రాలు ముట్టకండి. రాజీనామా మాత్రం పంపమనే అంటాను. సొంత యంత్రం తర్వాత. ముందు గంటల లెక్కన యంత్రం ఇచ్చే షెడ్డు చూసుకుని చిన్న లాట్లు చేయండి. ముద్ర పథకం కింద కొత్తవారికి 10 లక్షల వరకు ఆస్తి తాకట్టు లేకుండానే ఇస్తారు. యంత్రానికి చాలకపోయినా పనిముట్లకు, ముడిసరుకుకు పనికొస్తుంది.

లెక్కల మాస్టారు
రాజీనామా కూడా ఇప్పుడే వద్దు. బాలానగర్‌లోనే పనిముట్ల రూపకల్పన నేర్పే కేంద్ర సంస్థ సీఐటీడీ ఉంది. ముందు అక్కడ సీఎన్‌సీ కోర్సు చేసి, ఒక కొనుగోలుదారు చేత నమూనా ఒప్పించుకోండి.

బాలానగర్ షెడ్డు
‘ముందు’, ‘ముందు’ అంటూనే నాకూ నలభై దాటాయి.

మియాపూర్ యువకుడు
నిజాంపేట వాసి గారూ, అమ్మానాన్నల ఆరోగ్య బీమా మీ సంస్థ పాలసీలోనే ఉందా? ఉంటే ఉద్యోగంతో పాటే పోతుంది. అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారే వీలుందేమో ఉద్యోగంలో ఉండగానే అడగండి.