మందలించడం: చీవాటా, పలకరింపా?

గుంపులోని అందరికీ నమస్కారం. హనుమకొండలోని మా ఇంట్లో మొన్న ఆదివారం ఒక మాట దగ్గర చిక్కు వచ్చింది. అప్పటి నుంచీ అది నన్ను వదలడం లేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను.

టీవీలో ‘మౌనరాగం’ చూస్తున్నాం. 1986లో మణిరత్నం తమిళంలో తీసిన సినిమా, తెలుగులోకీ అదే పేరుతో వచ్చింది. ఇష్టం లేని పెళ్లి చేసుకుని ఢిల్లీకి కాపురానికి వెళ్లిన రేవతిని, నీకేం కానుక కావాలని భర్త మోహన్ అడుగుతాడు. విడాకులు కావాలంటుంది. పెళ్లయి ఏడాది నిండనిదే చట్టం ఒప్పుకోదు కనుక ఆ ఏడాదీ ఒకే ఇంట్లో ఉండక తప్పదు. తీరా ఆమె మనసు మెత్తబడే వేళకు అతడు ముడుచుకుపోతాడు. సరిగ్గా అక్కడ మా అమ్మ నిట్టూర్చింది. పరకాల దగ్గరి పల్లెలో పుట్టి పెరిగిన మనిషి. “ఇంట్లో ఉన్నదే ఇద్దరు. ఒకరినొకరు మందలించుకోకపోతే ఎట్లా?”

గుంటూరు వైపు నుంచి వచ్చిన మా వదిన వెంటనే అందుకుంది. “మందలిస్తే ఇంకా దూరమవుతుంది కదా అత్తయ్యా! పాపం, ఆమె చేసిన తప్పేముంది?”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అమ్మ అన్నది పలకరింపు గురించి. వదిన విన్నది చీవాట్ల గురించి.

మా వైపు ‘ఏం మందల?’ అంటే ఏం సంగతి అని. మందలించడమంటే ఆ సంగతి అడగడం, ఆగి మంచిచెడులు కనుక్కోవడం. ఆసుపత్రి నుంచి ఇల్లు చేరిన వారిని మందలించి వస్తారు, చావు జరిగిన ఇంటికి వెళ్లి మందలించి వస్తారు. “అంత కష్టమొస్తే వచ్చి మందలించనైనా లేదు” అన్న బాధను ఏళ్ల తరబడి మోసిన వారు మా బంధువుల్లోనే ఉన్నారు. మాట చిన్నదే, బరువు చాలా ఉంది.

సినిమాల్లో పోట్లాటకు భయపడి పెదవి విప్పని జంటల గురించి రాసేటప్పుడు పత్రికలు ‘మౌనం’ అని సరిపెడతాయి. మౌనం నిండుగానూ ఉండవచ్చు. అలక అందామా అంటే అలిగినవారు బతిమాలించుకోవాలని చూస్తారు, తలుపు ఓరగా తీసే ఉంచుతారు. ‘ముభావం’ దగ్గరగా వస్తుంది గానీ అది ఒక మనిషి తీరు చెబుతుంది, ఇద్దరి మధ్య ఆగిపోయినదాన్ని చెప్పదు. ‘మందలించుకోవడం లేదు’ అన్న అమ్మ మాటే నాకు అతికినట్టు అనిపించింది. మీరేమంటారు?

తెనాలి నుంచి ఒక సభ్యుడు:
మాకు మందలింపు అంటే చీవాటే అక్కా. అయితే తిట్టు కాదు. పెద్దవారు చిన్నవారిని, బాగుపడాలని కోరి, గొంతు పెంచకుండా అనేది. అందుకే భర్త భార్యను మందలించాలి అంటే మా చెవికి పెత్తనంలా వినబడుతుంది. మీ వదినగారి తడబాటు సహజం.

జనగామ నుంచి తెలుగు ఉపాధ్యాయురాలు:
అలక మాట ఎత్తారు కాబట్టి నంది తిమ్మన ‘పారిజాతాపహరణం’ గుర్తు చేస్తున్నాను. కోపంలో ఉన్న సత్యభామ కాళ్లకు కృష్ణుడు మొక్కబోతే ఆమె ఎడమకాలితో తలను తోసేస్తుంది. అప్పుడు అతడన్న మాట: “నను భవదీయ దాసుని మనంబున నెయ్యపుఁ గిన్కఁ బూని తాచినయది నాకు మన్ననయ”. నెయ్యపు కినుక, అంటే స్నేహంలోంచి పుట్టిన కోపం. తన్నడం తనకు గౌరవమేనంటూ, నా ఒంటి పులకల ముళ్లు తగిలి నీ చిగురుపాదం నొచ్చి ఉంటుందేమోనని అడుగుతాడు. తన్ను తిన్నవాడే మంచిచెడు అడుగుతున్నాడు. మీ వైపు అర్థంలో అది మందలించడమే కదా! మీ సినిమా జంటకు ఆ కినుక కూడా కరువు.

నా జవాబు:
ఎంత చక్కటి పద్యం గుర్తు చేశారు టీచరుగారూ! తెనాలి తమ్ముడి మాటతో నాకు ఇంకొకటి తట్టింది. చీవాటు అర్థంలో ‘మందలించుకోవడం’ పొసగదు. పైనుంచి కిందికే సాగే పని అది, మందలించేవారు ఒకరు, తలొంచుకుని వినేవారు ఇంకొకరు. మా అర్థంలో మాత్రం ఇద్దరూ ఒకరినొకరు మందలించుకోవచ్చు, ముందు ఎవరు నోరు విప్పినా ఎవరూ తగ్గినట్టు కాదు. ఆ ‘కో’ లేకపోతే అమ్మ మాట వదినకు ఎప్పటికీ అందేది కాదు.

నిన్న రాత్రి అన్నయ్య ఆలస్యంగా వచ్చి, పొద్దున ఏదో మాట పట్టింపు జరిగిందట, నేరుగా మంచమెక్కాడు. వదిన వంటింట్లో గిన్నెలు సర్దుతూ మెల్లగా అంది: “అత్తయ్యా, మీ అబ్బాయి పొద్దుటి నుంచి నన్ను మందలించలేదు.” అమ్మ చేతిలోని గరిట పక్కన పెట్టి అన్నయ్య గదివైపు నడిచింది.