అప్‌డేట్: బాలా షార్కులకు ఇల్లు మారింది

మూడడుగుల ట్యాంకులో నాలుగు బాలా షార్కులు (పేరుకే షార్కులు, నిజానికి అక్వేరియంలో పెంచే మామూలు చేపలు) రాత్రిళ్లు అద్దానికి గుద్దుకుంటున్నాయి, ఒకటి ఎగిరి బయటపడి చచ్చిపోయింది, ఏం చేయాలని రెండు నెలల క్రితం అడిగింది నేనే. పొడవాటి ట్యాంకు, గట్టి మూత అన్నవాళ్లకు థ్యాంక్స్.

ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు చేయించాను. నింపితే నీళ్ల బరువే దాదాపు 680 కిలోలు! భవానీపురంలో మాది రెండో అంతస్తు. లెక్క వినగానే ఓనర్ గారు వద్దనేశారు. చివరికి సత్యనారాయణపురంలో బాబాయి వాళ్లింట్లో, కింద హాల్లో పెట్టాం. ఇప్పుడు నాకన్నా బాబాయే ఎక్కువ మురిసిపోతున్నాడు.

అసలు తమాషా ఏంటంటే, మిగిలిన మూడింటిలో ఒకటి బాలా షార్కే కాదు. మీసాలు చూసి అనుమానం వచ్చింది. మన కైకలూరు చెరువుల్లో పెంచే పంగస్! బాలా అడుగు పైచిలుకుతో ఆగుతుంది, ఇది మీటరు దాటగలదు. కాలువలో వదిలేద్దామన్నాడు బాబాయి. మన నీళ్ల చేప కాదు, వదలకూడదని ఒప్పించి కొన్న షాపుకే ఇచ్చేశాను.

మే ఎండలకు నీళ్లు 33 డిగ్రీలకు చేరితే టెన్షన్ పడ్డా. వేడెక్కితే నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది కదా, కరెంటు పోయినా ఆడే బ్యాటరీ ఎయిర్ పంపు కొన్నాను.

గుద్దుకోవడం ఆగింది. లైటు టక్కున వేస్తే మాత్రం ఇంకా బెదురుతున్నాయి. గుంపు చేప కాబట్టి ఇంకో మూడు తేవాలి, ఈసారి మీసాలు చూసి.