క్యారీ గన్‌కి ట్రిగ్గర్ తేలిక చేయించొచ్చా? (గ్లాక్ 19, జెన్ 3)

ఫ్రిస్కో_బుల్లోడు:

అందరికీ నమస్తే. గ్రీన్ కార్డ్ వచ్చాక మొన్నామధ్య గ్లాక్ 19 పిస్టల్ తీసుకున్నా, జెన్ 3 (మూడో తరం మోడల్), సెకండ్ హ్యాండ్‌ది, పాత ఓనర్ లోపల ఏమీ మార్చలేదన్నాడు, విప్పి చూస్తే నాకూ స్టాక్ లాగే, అంటే ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే అనిపించింది. ఎల్‌టీసీ (గన్ క్యారీ చేసే లైసెన్స్) క్లాస్ కూడా అయిపోయింది (2021 సెప్టెంబర్ నుంచి టెక్సస్‌లో పర్మిట్ లేకుండానే క్యారీ చెయ్యొచ్చని తెలుసు, పక్క రాష్ట్రాలకి వెళ్ళినప్పుడు పనికొస్తుందని తీసుకున్నా).

ప్రాబ్లం ఏంటంటే 7 గజాల నుంచి కొడితే బుల్లెట్లన్నీ కిందకి, ఎడమ పక్కకి పోతున్నాయి. నాది కుడిచెయ్యి. మా ఫ్రెండ్ దగ్గర 1911 మోడల్ పిస్టల్ ఉంది, దాంతో కొడితే బానే పడుతున్నాయి, ఆ ట్రిగ్గర్ అలా తాకితే చాలు ఇలా పేలుతుంది. దాని తర్వాత నాది పట్టుకుంటే ట్రిగ్గర్ ఎంతకీ రావట్లేదు. ఇండియా వెళ్ళేటప్పుడు సూట్‌కేస్ 23 కేజీలు దాటిందా అని చూసుకునే హ్యాండ్ స్కేల్ ఉంటుంది కదా, గన్ ఖాళీ చేసి దాని హుక్కు ట్రిగ్గర్‌కి తగిలించి లాగితే 6 పౌండ్ల పైనే చూపించింది.

యూట్యూబ్‌లో ఒకడు పాలిష్ చెయ్యమంటాడు, ఒకడు మైనస్ కనెక్టర్ అంటాడు, ఒకడు స్ట్రైకర్ స్ప్రింగ్ తేలికది వెయ్యమంటాడు. ఇక్కడ ఒక షాపులో అయితే అల్యూమినియం ఫ్లాట్ ట్రిగ్గర్ కిట్ మొత్తం వేసి 3 పౌండ్లకి దింపేస్తామన్నారు. ఇది లీగలేనా, చేయిస్తే గురి కుదురుతుందా? గన్ నడుముకి పెట్టుకుని తిరగడానికే, కాంపిటీషన్లకి కాదు. ఇంట్లో ఐదేళ్ళ బాబు ఉన్నాడు, అదీ ఆలోచిస్తున్నా.

రేంజ్_కాకా:

తమ్మీ, ముందుగాల ఆ షాపాయనకు పైసలియ్యకు. నేను వీకెండ్ల ఒక రేంజ్‌ల సేఫ్టీ ఆఫీసర్‌గ చేస్త, కుడిచెయ్యోళ్ళు కిందికి ఎడమకు కొట్టుడు పొద్దుగూకులు సూస్త. అది ట్రిగ్గర్ బరువు కాదు, సప్పుడుకు ముందే నీ చెయ్యి బెదురుతున్నది. పేలుతదని మనసుకు ఎరుకైన సెకండ్ల మణికట్టు కిందికి గుంజుతది, మొత్తం వేళ్ళు కలిసి పిండుతయ్. 1911 ఎందుకు మంచిగ పడ్తదంటే నీకు బెదిరే టైమే దొరకట్లేదు గంతే, గన్ కూడ బరువుంటది.

పరీక్ష ఉన్నది. స్నాప్ క్యాపులు, అంటే డమ్మీ రౌండ్లు కొను. మీ దోస్తుకు మ్యాగజైన్ ఇచ్చి అసలువి నకిలీవి కలిపి నింపుమను, ఏది యాడున్నదో నీకు తెల్వద్దు. కొట్టుకుంట పో. డమ్మీ వచ్చినప్పుడు గన్ పేలది గని మూతి మాత్రం దభీమని కిందికి పోతది సూడు, నీకే నవ్వొస్తది. వీడియో తీసుకో.

గది అయినంక ఇంట్ల డ్రై ఫైర్, అంటే ఖాళీ గన్‌తోని ట్రిగ్గర్ ఒత్తుడు. గన్ ఖాళీ జెయ్యి, చాంబర్ల వేలు పెట్టి సూడు, రౌండ్లన్ని ఇంకో అర్రల పెట్టి రా. గోడ దిక్కు, గోడ అవుతల మనుషులు లేని దిక్కు. ముందల సైటు మీద రూపాయి బిళ్ళ నిలవెట్టి, బిళ్ళ పడకుండ ట్రిగ్గర్ ఒత్తాలె. గ్లాక్‌కు ప్రతిసారి స్లైడ్ (మీద ముందుకెనకకు జరిగే భాగం) జర గుంజి మళ్ళ సెట్ చేసుకోవాల్సి వస్తది, ఏం గాదు. నెల రోజులు గిట్ల చేసినంక గూడ ట్రిగ్గర్ బరువనిపిస్తే అప్పుడు మాట్లాడుదాం.

స్ప్రింగ్_శాస్త్రి:

కాకా చెప్పింది కరెక్ట్, కానీ అడిగిన దానికి కూడా ఎవరో ఒకరు జవాబు చెప్పాలి కాబట్టి లోపల ఏం జరుగుతుందో రాస్తా, ఆ తర్వాత ఏది ముట్టుకోవచ్చో ఏది కూడదో నీకే అర్థమైపోతుంది.

గ్లాక్‌లో స్లైడ్ లాగి వదిలాక స్ట్రైకర్ (ముందుకి దూకి రౌండ్‌ని పేల్చే పిన్) పూర్తిగా కాక్ అయి, అంటే కాల్చడానికి పూర్తిగా వెనక్కి లాగి ఉండదు, కొంత దూరం వెనక్కి వచ్చి ఆగుతుంది, మిగతా దూరం నీ వేలే లాగాలి. ట్రిగ్గర్ బార్ వెనక చివర శిలువ ఆకారంలో ఒక రేకు ఉంటుంది చూడు, అదే స్ట్రైకర్‌ని పట్టుకుని వెనక్కి తీసుకెళ్తుంది, తీసుకెళ్తూ కనెక్టర్ అనే చిన్న లోహపు ముక్క వాలు మీద జారి కిందకి దిగుతుంది, దిగగానే స్ట్రైకర్ వదులైపోయి వెళ్ళి ప్రైమర్‌ని (రౌండ్ వెనక మందుని అంటించే చిన్న మూత) కొడుతుంది. ఇదే ప్రయాణంలో బార్ మీదున్న ఇంకో బొడిపె పైన స్లైడ్‌లో ఉన్న సేఫ్టీ ప్లంజర్‌ని పైకి నెడుతుంది. ఆ ప్లంజర్ పైకి వెళ్తే తప్ప స్ట్రైకర్‌కి దారి లేదు. అంటే నీ వేలికి తెలిసే బరువంతా స్ట్రైకర్ స్ప్రింగు, ప్లంజర్ స్ప్రింగు, కనెక్టర్ దగ్గర రాపిడి, ఈ మూడూ కలిపి. ట్రిగ్గర్ స్ప్రింగ్ మాత్రం రివర్సు, జెన్ 3లో అది నీ వేలికి సాయం చేస్తుంది, అందుకే దాన్ని గట్టిది వేస్తే పుల్ (వేలు లాగాల్సిన బరువు) తగ్గుతుంది. చాలామంది ఇక్కడే తికమక పడి తేలికది ఆర్డర్ పెట్టేస్తారు.

ఇప్పుడు ఒక్కోటీ చూద్దాం. మైనస్ గుర్తున్న కనెక్టర్ గ్లాక్ కంపెనీదే, బయటిది కాదు. ఒకప్పుడు 3.5 పౌండ్లదని అనేవాళ్ళు, తర్వాత కంపెనీనే 4.5 అని మార్చింది, వేసి కొలిస్తే కూడా దాదాపు అంతే వస్తుంది. కాంపిటీషన్ కోసం చేసిన గ్లాక్ 34లో ఇది ఫ్యాక్టరీ నుంచే వచ్చేది. రేటు కూడా పెద్దగా ఉండదు. క్యారీ గన్‌లో వేసుకోవచ్చంటే నేను ఒప్పుకునేది ఇదొక్కటే, అది కూడా గన్‌తో బాగా అలవాటయ్యాకే.

పాలిష్ అంటే రాపిడి ఉన్న చోట్ల, అంటే ఆ శిలువ రేకు కనెక్టర్‌కి తగిలే అంచు, ప్లంజర్‌ని నెట్టే బొడిపె, అక్కడ మెటల్ పాలిష్ పేస్టు చెవుల్లో పెట్టుకునే దూది పుల్లతో రుద్దడం. మెరుపు రావాలి, అంతేగాని లోహం అరగకూడదు. డ్రెమెల్ మెషిన్ గానీ ఎమెరీ పేపర్ గానీ పట్టుకున్నావంటే అయిపోయింది, రేకు అంచు గుండ్రమైతే పట్టు పోతుంది, పట్టు పోయిన గన్ ఒకసారి నొక్కితే రెండు పేల్చొచ్చు. దానంతటదే అలా అయితే రిపేరు చేయించుకోవాలి, కావాలని అలా చేస్తే అమెరికాలో అది మెషిన్ గన్ కిందకొస్తుంది, ఫెడరల్ జైలే. మామూలు ట్రిగ్గర్ మార్పులకి టెక్సస్‌లో గానీ ఫెడరల్‌గా గానీ అడ్డు లేదు.

స్ట్రైకర్ స్ప్రింగు మాత్రం ముట్టుకోవద్దు. స్టాక్ 5.5 పౌండ్లది, అమ్మేది 4, 4.5. పుల్ తగ్గుతుంది నిజమే, దెబ్బ కూడా తగ్గుతుంది. రేంజ్‌లో ఫెడరల్ కంపెనీ మెత్తటి ప్రైమర్లకి పేలుతుంది, సీసీఐ కంపెనీ లాంటి గట్టి ప్రైమర్ వచ్చిన రోజు టిక్ మని ఊరుకుంటుంది. కాంపిటీషన్‌లో అయితే ఒక స్టేజ్ పోతుంది అంతే, నీ గన్ దేనికోసమో నువ్వే రాశావు.

ఆ అల్యూమినియం కిట్ సంగతి. వాటిలో ముందు ప్రయాణం తగ్గించడానికి చిన్న స్క్రూ ఉంటుంది. ఆ స్క్రూ ఎక్కువ తిప్పితే బార్ అప్పటికే కాస్త వెనక్కి వచ్చి కూర్చుంటుంది, అంటే ప్లంజర్ అప్పటికే సగం పైకి లేచినట్టే, హౌసింగ్‌లో (ఫ్రేము వెనక ట్రిగ్గర్ భాగాలు కూర్చునే ముక్క) బార్ ఆనుకునే డ్రాప్ సేఫ్టీ (కిందపడ్డా పేలకుండా ఆపేది) అంచు మీద పట్టు కూడా తగ్గినట్టే. బయటికి ఏమీ కనిపించదు. ట్రిగ్గర్ ముక్క బరువు కూడా లెక్కే. 2017లో సిగ్ పీ320 కొన్ని కోణాల్లో కిందపడితే పేలుతోందని బయటపడ్డాక కంపెనీ ఆగస్టులో అప్‌గ్రేడ్ ప్రకటించింది, అందులో మార్చిన వాటిలో ఒకటి ట్రిగ్గర్, తేలికది వేశారు. కిందపడ్డప్పుడు బరువైన ట్రిగ్గర్ తన ఊపుకి తనే వెనక్కి పోతుంది, అందుకు. అంత పెద్ద కంపెనీ ఇంజనీర్లకే లెక్క తప్పిన చోట మన షాపాయన స్క్రూ తిప్పి చూస్తాడన్నమాట.

కాటీ_కుర్రోడు:

మీరంతా భయపెట్టేస్తున్నారు గానీ బరువైన ట్రిగ్గర్ సేఫ్ అనేది కూడా సగం నిజమే అన్నా. న్యూయార్క్ పోలీసుల గ్లాక్‌లకి 12 పౌండ్ల ట్రిగ్గర్ పెట్టారు, పొరపాటున పేలకూడదని. 2012 ఆగస్టులో ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ బయట ఇద్దరు ఆఫీసర్లు 16 రౌండ్లు కాలిస్తే పక్కన నడిచి పోయే 9 మందికి దెబ్బలు తగిలాయి. అంతా ట్రిగ్గర్ వల్లే అనట్లేదు, కానీ అంత బరువు లాగాలంటే గన్ కదులుతుంది, కదిలితే తూటా ఎవరికో పోతుంది. నా క్యారీ గన్‌లో మైనస్ కనెక్టర్ ఉంది, నాలుగున్నర, ఏ ఇబ్బందీ లేదు. 3 పౌండ్లు మాత్రం నేనూ వద్దనే అంటా.

రేంజ్_కాకా:

నాలుగున్నరకు నేనెప్పుడు అడ్డం చెప్పిన? కొత్తోడికి వద్దన్న గంతే.

హ్యూస్టన్_వకీలుబాబాయ్:

లాయర్‌ని కాదు, పేరు సరదాకి పెట్టుకున్నా, ఇది లీగల్ సలహా అనుకోవద్దు.

చట్టం ప్రకారం మార్చొచ్చా అంటే మార్చొచ్చు. రేపు కోర్టులో ఏమవుతుంది అనేది వేరే ప్రశ్న. నువ్వు ఆత్మరక్షణ కోసం కావాలనే కాల్చానంటావు. అవతలి లాయర్‌కి అదే ఇబ్బంది, ఎందుకంటే ఉద్దేశంతో కాల్చి అది న్యాయమే అయితే కేసు నిలవదు. అందుకని వాడు "కావాలని కాదు, ఈయన గన్ 3 పౌండ్లకి తేలిక చేయించుకున్నాడు, చెయ్యి వణికి పేలింది, ఇది నిర్లక్ష్యం" అని కథ మారుస్తాడు. ఎక్స్‌పర్ట్ విట్నెస్‌గా చాలా కేసుల్లో సాక్ష్యం చెప్పిన మసాద్ అయూబ్ ఏళ్ళ తరబడి మొత్తుకునేది ఇదే, క్యారీ గన్ ట్రిగ్గర్‌ని కంపెనీ చెప్పిన బరువు కంటే కిందకి దింపొద్దని. అలా అని గురి బాగున్న గన్ వాడినందుకు జైలుకి పోయారని ప్రచారం చేసేవాళ్ళని కూడా నమ్మకు, ఊరికే భయపెడతారు.

బాబు గురించి అన్నావు కదా. ఐదేళ్ళ పిల్లాడు రెండు చేతుల బొటనవేళ్ళతో నొక్కితే 6 పౌండ్లు కూడా పెద్ద విషయం కాదు, కాబట్టి ట్రిగ్గర్ బరువు పిల్లల సేఫ్టీ అనుకోవద్దు. నడుము మీద లేనప్పుడు సేఫ్‌లో, తాళం వేసి. టెక్సస్‌లో 17 ఏళ్ళలోపు పిల్లల చేతికి లోడ్ చేసిన గన్ అందేలా వదిలేస్తే అది నేరం కూడా.

ఇంకోటి, అడక్కపోయినా చెప్తున్నా, రేంజ్‌కి తీసుకెళ్ళే బ్యాగు ఇండియా ప్రయాణానికి వాడకు. అడుగున ఒక్క రౌండ్ ఉండిపోయి శంషాబాద్ స్కానర్‌లో కనపడితే ఆర్మ్స్ యాక్ట్ కేసు, వెకేషన్ మొత్తం లాయర్ చుట్టూ తిరగడమే. అలాగే ఇది చదివే హెచ్1బీ వాళ్ళకి, నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద గన్ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా కుదరదు, హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపులు ఉన్నాయి గానీ ముందు అటార్నీని అడగండి, ఫ్రెండ్ గన్ చూసి ఆవేశపడొద్దు.

పాత_షూటర్:

హైదరాబాద్‌లో కాలేజీ రోజుల్లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ చేసేదాన్ని, అందుకని ఒక్క మాట. ఎయిర్ పిస్టల్‌లో రూల్ ప్రకారం ట్రిగ్గర్ కనీసం 500 గ్రాములు ఉండాలి, మన ఈషా సింగ్ ఆడే 25 మీటర్ల పిస్టల్‌లో 1000 గ్రాములు. మ్యాచ్‌కి ముందు బ్యారెల్ నిలువుగా పైకి పెట్టి ట్రిగ్గర్‌కి బరువు వేలాడదీసి చూస్తారు, ఆ బరువు ఎత్తాక కూడా ట్రిగ్గర్ నిలబడితేనే పాస్. మీ 5.5 పౌండ్లు అంటే రెండున్నర కేజీలు, అంటే మాకు ఐదు రెట్లు. అరకేజీ ట్రిగ్గర్‌తో కూడా కొత్తవాళ్ళందరం పదిలో కొట్టాల్సింది ఆరులో ఏడులో కొట్టేవాళ్ళం. కోచ్ మాకు నెలల తరబడి పెల్లెట్ లేకుండా తెల్లగోడ మీద ఊరికే నొక్కించేవారు, టార్గెట్ కూడా లేదు, సైటు కదులుతోందా లేదా అంతే చూడమనేవారు. వేలి మొదటి కణుపు మధ్యలో ట్రిగ్గర్ ఆనాలి, నేరుగా వెనక్కి రావాలి, మిగతా నాలుగు వేళ్ళ పట్టు మారకూడదు. మీరు కూడా తెల్లగోడతో మొదలుపెట్టండి, టార్గెట్ కనపడితే మనసు దాని మీదకి పోతుంది.

లగేజీ స్కేల్‌తో కొలిచాను అన్నారు, అది గుంజితే ఎక్కువ చూపిస్తుంది. హుక్కు ట్రిగ్గర్ మధ్యలో ఉండాలి, నెమ్మదిగా లాగాలి, నాలుగైదు సార్లు తీసి సగటు చూడండి. ట్రిగ్గర్ గేజ్ అని విడిగా దొరుకుతుంది, రేంజ్‌లో అడిగితే ఇస్తారు కూడా.

ఫ్రిస్కో_బుల్లోడు:

అందరికీ థ్యాంక్స్. కాకా, మీరన్నట్టు డమ్మీలు కలిపి కొట్టించాడు మా వాడు, వీడియో చూసుకుంటే మూతి నేలని చూస్తోంది. గేజ్‌తో కొలిస్తే ఐదున్నర దగ్గరే వచ్చింది, స్కేలే ఎక్కువ చూపించినట్టుంది. కిట్ ఆలోచన మానేశా. మైనస్ కనెక్టర్ కొని పక్కన పెడతా, కొన్నాళ్ళు గోడ ప్రాక్టీస్ అయ్యాక వేస్తా. అది ఇంట్లో నేనే వేసుకోవచ్చా, షాపుకే వెళ్ళాలా? ఇంకా అపెండిక్స్ క్యారీ (ముందు పక్క, పొట్ట దగ్గర నడుముకి) చేస్తున్నా, నాలుగున్నరకి దిగితే హోల్‌స్టర్ ఏమైనా మార్చాలా?

స్ప్రింగ్_శాస్త్రి:

నువ్వే వేసుకోవచ్చు. అంగుళంలో 3/32 వంతు పంచ్ ఒక్కటి చాలు. ఫ్రేములో మూడు పిన్నులు ఉంటాయి, లాకింగ్ బ్లాక్ పిన్ ముందు తియ్యాలి, పెట్టేటప్పుడు అదే ఆఖర్న. ట్రిగ్గర్ పిన్ రాకపోతే సుత్తి తియ్యకు, స్లైడ్ స్టాప్ లివర్‌ని అటూ ఇటూ కదుపుతూ నెడితే వచ్చేస్తుంది. కనెక్టర్ హౌసింగ్‌లో గట్టిగా కూర్చుంటుంది, వెనక నుంచి పంచ్‌తో నెట్టు.

బిగించాక గన్ ఖాళీగా ఉండగా ఇవి చూడకుండా లోడ్ చెయ్యొద్దు. స్లైడ్ విడిగా ఉన్నప్పుడే ప్లంజర్ నొక్కకుండా స్ట్రైకర్‌ని ముందుకు నెట్టు, మొన బయటికి రాకూడదు. మొత్తం బిగించాక ట్రిగ్గర్ మధ్యలో ఉండే చిన్న సేఫ్టీ తగలకుండా పక్క అంచుల నుంచి వెనక్కి నెట్టి చూడు, కదలకూడదు. తర్వాత ట్రిగ్గర్ నొక్కి పట్టుకునే స్లైడ్ లాగి వదిలి, వేలు నెమ్మదిగా సడలిస్తే టక్ మని రీసెట్ వినపడాలి. ఈ మూడిట్లో ఒక్కటి తేడా కొట్టినా పాత కనెక్టర్ పెట్టేసి షాపుకి పో.

అపెండిక్స్ అంటే గట్టి కైడెక్స్ (గట్టి ప్లాస్టిక్) హోల్‌స్టరే, ట్రిగ్గర్ గార్డు మొత్తం కప్పాలి, మెత్తబడి లోపలికి మడత పడే తోలుది అయితే ఇవాళే తీసెయ్. గన్ పెట్టేటప్పుడు చొక్కా అంచు లోపలికి దూరుతుంది, అసలు ప్రమాదం అక్కడే. వెనక ప్లేటు బదులు వేసే స్ట్రైకర్ కంట్రోల్ డివైస్ అని గ్లాక్‌లకి ఒకటి దొరుకుతుంది, ట్రిగ్గర్ కదిలితే ఆ ప్లేటు నీ బొటనవేలి కింద లేస్తుంది, వేలు దాని మీద పెట్టి హోల్‌స్టర్‌లోకి దించాలి.

రేంజ్_కాకా:

గన్ పెట్టుడు మాత్రం అద్దం ముందట కాదు తమ్మీ, తలకాయ వంచి హోల్‌స్టర్ దిక్కు సూస్కుంట పెట్టు. తీసుడుకు తొందర ఉంటది గని పెట్టుడుకు ఏం తొందర.