సైనోవియల్ సార్కోమా మొదలయ్యేది కండర కణంలోనేనా?

సూక్ష్మదర్శిని: పేరులో సైనోవియం, అంటే కీలు పొర, ఉన్నా ఈ క్యాన్సర్ గడ్డకూ ఆ పొరకూ చుట్టరికం లేదు, ఊపిరితిత్తుల్లోనూ మూత్రపిండంలోనూ వస్తుంది. ఎక్స్, 18 క్రోమోజోములు ముక్కలు మార్చుకోగా ఏర్పడే ఎస్‌ఎస్18-ఎస్‌ఎస్‌ఎక్స్ జన్యువే దీనికి మూలం. 2007లో ఎలుకల్లో ఆ జన్యువును మిఫ్5-క్రీతో (క్రీ అంటే ఎంచుకున్న రకం కణాల్లో జన్యువును తెరిచే ఎంజైమ్), అంటే కండర పూర్వకణాల్లో, తెరిస్తే గడ్డలొచ్చాయి. మిఫ్6-క్రీతో ముదిరిన కండర కణాల్లో తెరిస్తే కండరం దెబ్బతింది గానీ గడ్డ రాలేదు. ఇంకా తగువెందుకు?

వంశవృక్షం: క్రీ ఒక్కసారి పనిచేస్తే చాలు, ఆ కణం సంతానమంతా తెరిచినట్టే. ఒంటికి వేడినిచ్చే గోధుమరంగు కొవ్వు కూడా మిఫ్5 సంతతే, గడ్డ ఆ దారిలోనూ వచ్చి ఉండొచ్చు. ఇక కండరాన్ని పుట్టించే వేరే కణాల్లో, పాక్స్3, పాక్స్7 క్రీలతో తెరిస్తే పిండాలే చనిపోయాయి. అంటే ఆ కణాలు కావని తేలలేదు, వాటికి పరీక్షే జరగలేదు.

సూక్ష్మదర్శిని: కొవ్వు పేరుతో దారి మళ్లించకండి. కిందటి చర్చలోనూ ఇదే చేశారు.

రంగుపలక: మనిషి గడ్డకు రంగు వేసి చూస్తే కండర గుర్తులైన మయోజెనిన్, డెస్మిన్ సాధారణంగా కనబడవు. కెరాటిన్, ఈఎంఏ, టీఎల్‌ఈ1 కనబడతాయి.

వంశవృక్షం: అది నా వాదనకూ సాయం కాదు. ఆ అతుకు జన్యువు చేసే కలయిక ప్రోటీన్, జన్యువులు తెరుచుకోవడాన్ని నడిపే బాఫ్ అనే ప్రోటీన్ల సముదాయంలో దూరి, అందులోని బాఫ్47ను గెంటేసి డీఎన్ఏ చుట్టిన రూపమైన క్రోమాటిన్‌ను తిరగరాస్తుంది. ఇప్పటి ముఖం చూసి పుట్టిల్లు చెప్పలేం.

పిపెట్: ఒక్కో కణం ఆర్‌ఎన్‌ఏ చదివి తేల్చేద్దామనుకునేవాళ్లకు రెండు మాటలు. కణాలను విడదీసే ఎంజైమ్ కొలాజినేజ్‌లో 37 డిగ్రీల దగ్గర నానబెడితే ఫాస్, జున్ లాంటి ఒత్తిడి జన్యువులు లేస్తాయి, వాటిని గడ్డ స్వభావమనుకుంటారు. అతిచల్లగా ఘనీభవింపజేసిన ముక్క నుంచి కేంద్రకాలు తీస్తే ఆ బెడద తక్కువ. రెండోది, ఆర్ఎన్ఏ 3' చివర మాత్రమే చదివే కిట్‌లో రెండు జన్యువులు కలిసిన అతుకు చోటు చాలాసార్లు దొరకదు. అంచున చిక్కిన మామూలు శాటిలైట్ కణాలు (కండర మూలకణాలు) పాక్స్7 చూపిస్తే "కండర మూలం" అని రాసేస్తారు. కాబట్టి ప్రతి గుంపులో ఎస్‌ఎస్‌ఎక్స్ ఉందో లేదో ముందు చూడాలి. మామూలుగా అది వృషణాల్లోనే పలుకుతుంది, అందుకే గుర్తుగా పనికొస్తుంది.

సూక్ష్మదర్శిని: ఇదంతా సరే. ఎలుకలో గడ్డ రావడం అబద్ధమా? ఏది చూపించినా "చాలదు" అనడమే మీ పని!

వంశవృక్షం: అబద్ధమని నేనెప్పుడన్నాను? 2009లో, టామాక్సిఫెన్ మందు ఇస్తేనే క్రీ పనిచేయాల్సిన క్రీఈఆర్ ఎలుకల్లో, ఆ మందు ఇవ్వకుండానే, లీకు వల్ల అక్కడొకటి ఇక్కడొకటిగా తెరుచుకున్న కణాల నుంచీ గడ్డలొచ్చాయి. మీ ప్రయోగం చెప్పేది ఏ కణం ఆ ప్రోటీన్‌ను భరించి గడ్డ కాగలదో. నేనడిగేది మనిషిలో క్రోమోజోములు ఏ కణంలో తెగి అతుక్కున్నాయని. రెంటినీ మనం "మూలం" అనే ఒకే మాటతో పిలుస్తున్నాం.

సూక్ష్మదర్శిని: ఆ ముక్క మొదటే అనుంటే ఇంత దూరం వచ్చేదా? నాది మొదటి ప్రశ్నే.

పిపెట్: మొదటి ప్రశ్నకైనా హారం కావాలి. ఏ రకం కణాలు ఎన్ని తెరుచుకుంటే ఎన్ని గడ్డలయ్యాయి? జన్యువుతోపాటు రంగు గుర్తు కూడా తెరుచుకునే ఎలుకలో, గడ్డ కనబడకముందే కొన్నిటిని కోసి లెక్కపెట్టాలి.

సూక్ష్మదర్శిని: లెక్కపెట్టండి. గోధుమ కొవ్వు సంగతి మాత్రం ఒప్పుకోను.