బోరు నీళ్లలో పొడుగు జడకు కుంకుడుకాయా, షాంపూనా?

బెళ్లందూరు అమ్మ:
మేముండేది బెంగళూరులో బెళ్లందూరు వైపు అపార్ట్‌మెంట్‌లో. సంపులోకి కొంత బోరు నీళ్లు, కొంత ట్యాంకర్ నీళ్లు. మా అమ్మాయి తొమ్మిదో తరగతి, జడ నడుము దాటింది. సెలవులకి రాజమండ్రి వెళ్తే పట్టులా ఉండే జుట్టు, ఇక్కడికి రాగానే బిరుసెక్కి చివర్లు చిట్లుతోంది. మా అత్తయ్యగారు కుంకుడుకాయలు తప్ప ఇంకేమీ ముట్టుకోనివ్వనంటారు. పిల్లేమో కళ్లు మండుతాయని, స్కూలుకి టైమ్ అయిపోతుందని షాంపూ కావాలంటోంది. ఈ నీళ్లకి ఏది నయమో చెప్పండి. కత్తిరించేయమని మాత్రం ఎవరూ చెప్పొద్దు, దానికి జడంటే ప్రాణం.

జయనగర్ పెద్దమ్మ:
మీ అత్తగారి మాట వినమ్మా. కుంకుడులో నురగనిచ్చేవి సాపోనిన్లు. సబ్బు అయితే బోరు నీళ్లలోని కాల్షియంతో కలిసి తెట్టు కట్టి జుట్టుకి పట్టుకుంటుంది. కుంకుడు రసం అలా తెట్టు కట్టదు. పైగా దానిది కాస్త ఆమ్లగుణం, జుట్టుకీ అదే సరిపడుతుంది. కాకపోతే చేసే పద్ధతిలో చెయ్యాలి. కాయలు కొట్టి, గింజలు తీసేసి, రాత్రే వేడినీళ్లలో నానెయ్యాలి. పొద్దున పిసికి పల్చటి గుడ్డలో వడగట్టాలి. బజారు పొడి తెచ్చి నేరుగా తలకి రుద్దితే పిప్పి వెంట్రుకల్లో ఇరుక్కుంటుంది, ఆ తర్వాత కుంకుడుకాయని తిట్టుకుంటారు. రసం పోసేటప్పుడు పిల్లని తల వెనక్కి వాల్చమనండి, కళ్లలో పడదు.

వైట్‌ఫీల్డ్ కెమిస్ట్రీ టీచర్:
పెద్దమ్మగారు సబ్బు గురించి చెప్పింది నిజమే. అందుకే శీకాయ సబ్బు అని అమ్మే బిళ్లల్ని కొనకండి. పేరులో శీకాయ ఉన్నా అది సబ్బే, క్షారగుణం పోదు. కానీ ఇప్పటి షాంపూలు సబ్బులు కావు, అవీ కాల్షియంతో తెట్టు కట్టవు. ఆ లెక్కన కుంకుడుకి ప్రత్యేకమైన గొప్పేమీ లేదు.

నా అసలు అభ్యంతరం వేరే. వెంట్రుక నెలకి సుమారు సెంటీమీటరుంబావు పెరుగుతుంది. జడ 90 సెంటీమీటర్లుంటే దాని చివర ఆరేళ్ల కిందటిది. అంటే పిల్ల మూడో తరగతిలో ఉన్నప్పుడు పుట్టిన వెంట్రుక! ఆరేళ్లుగా ఎండకి, దువ్వెనకి, రబ్బరు బ్యాండుకి అరిగిపోయి ఉంటుంది. జిడ్డు, చెమట ఉండేది మాడు మీద, చివర్లలో కాదు. మన ఇళ్లలో తలంటంటే ఏం చేస్తారు? జుట్టంతా నెత్తిమీదికి ముద్దగా చేర్చి బట్టలు ఉతికినట్టు రుద్దుతారు. నీళ్లు తాగిన వెంట్రుక ఉబ్బి మామూలు కంటే ఎక్కువ సాగుతుంది, తేలిగ్గా తెగుతుంది. అప్పుడు రుద్దితే పైపొర లేచిపోతుంది. మగ్గులో నీళ్లు పోసి అందులో చెంచాడు షాంపూ కలపండి. వేళ్ల కొనలతో, గోళ్లు తగలకుండా కుదుళ్లకే పట్టించండి. కడిగేటప్పుడు జారే నురగే చివర్లకి చాలు. కండిషనర్ మాత్రం చివర్లకే, మాడుకి వద్దు.

జయనగర్ పెద్దమ్మ:
ఆ రుద్దడం నాకూ నచ్చదు. కానీ అది రుద్దేవాళ్ల చేతి తప్పు, కుంకుడుకాయది కాదు. రసాన్ని కూడా పాయలు తీసి కుదుళ్లలోనే పోయొచ్చు. మీరు నూనె ఊసే ఎత్తలేదు. తలంటుకి ముందు కొబ్బరినూనె పెడితే కడిగేటప్పుడు వెంట్రుకలోని ప్రొటీన్ పోవడం తగ్గుతుందని 2003లో పరిశోధన వచ్చింది. పొద్దుతిరుగుడు నూనెతోనూ, మినరల్ ఆయిల్‌తోనూ ఆ గుణం కనిపించలేదు. కొబ్బరినూనెలోని లారిక్ ఆమ్లం వెంట్రుక లోపలికి వెళ్లగలగడమే అందుకు కారణమన్నారు.

వైట్‌ఫీల్డ్ కెమిస్ట్రీ టీచర్:
ఆ పరిశోధన చేసింది మారికో వాళ్లు, పారాచూట్ నూనె అమ్మేదీ వాళ్లే. అంతమాత్రాన తప్పనను, నేనూ కొబ్బరినూనే వాడతాను. కానీ అది వెంట్రుక సంగతి. మాడు సంగతి వేరు. చుండ్రుకి కారణమైన మలసేజియా అనే శిలీంధ్రం బతికేదే జిడ్డు మీద. చుండ్రున్న పిల్ల తలకి రాత్రంతా నూనె పెట్టి ఉంచితే ఎక్కువవుతుంది. నూనె కూడా చెవుల కింద నుంచి చివరి దాకా పెడితే చాలు.

పొడుగు జుట్టు నెల్లూరబ్బాయి:
మగవాణ్ణే అయినా నా జుట్టు నడుముదాకా ఉంటుంది కాబట్టి మధ్యలో వస్తున్నా. టీచర్ గారూ, పెద్దమ్మగారూ, మీరిద్దరూ నీళ్లని వదిలేసి దేంతో కడగాలని కొట్టుకుంటున్నారు. రాజమండ్రిలో బాగుండి ఇక్కడ పాడవుతోందంటే నీళ్ల సంగతి ముందు చూడాలి కదా?

అయితే నీళ్ల విషయంలోనూ అంతా ఒకే మాట చెప్పరు. 2013లో కోయంబత్తూరు వైద్యులు కఠిన జలంలో, అంటే కాల్షియం లాంటి లవణాలు ఎక్కువున్న నీళ్లలో, వెంట్రుకల్ని నానబెట్టి చూసి, బలంలో చెప్పుకోదగ్గ తేడా లేదన్నారు. 2018లో పాకిస్థాన్‌లో చేసిన అధ్యయనంలో బలం తగ్గిందని తేలింది. నా మటుకు నాకు బలం కంటే బిరుసుదనమే అసలు బాధ. లవణాలు పైన పేరుకుంటే వెంట్రుక గరుకెక్కి చిక్కులు పడుతుంది, ఆ చిక్కులు లాగేటప్పుడు తెగుతుంది. కాబట్టి తలస్నానానికి ముందే, పొడి జుట్టు మీద, పెద్దపళ్ల దువ్వెనతో కింది నుంచి పైకి చిక్కు తీయండి. స్నానమయ్యాక టర్కీ తువ్వాలుతో రుద్దకుండా పాత నూలు పంచె చుట్టి తడి పీల్చనివ్వండి.

నీళ్ల కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉండటం మంచిదని భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ పెట్టిన తాగునీటి ప్రమాణం. వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటుంది. మీ సొసైటీలో పరీక్ష రిపోర్టు అడగండి. షవర్‌కి తగిలించే చిన్న ఫిల్టర్లు చాలావరకు క్లోరిన్‌కే పనికొస్తాయి, కాల్షియాన్ని తీయవు. ఉప్పు పోసి నడిపే సాఫ్టెనర్ తీస్తుంది. అది పెట్టాక టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల మొత్తం, తగ్గలేదని కంగారుపడకండి. కాల్షియం పోయిన చోట సోడియం చేరుతుంది కాబట్టి అంకె దాదాపు అలాగే ఉంటుంది.

బెళ్లందూరు అమ్మ:
సాఫ్టెనర్ మాట ఎత్తితే సొసైటీ మీటింగులో మెయింటెనెన్స్ పెరుగుతుందని గొడవ. చివర్లో ఒక చెంబు ఆర్ఓ నీళ్లు పోస్తే ఎలా ఉంటుంది?

వైట్‌ఫీల్డ్ కెమిస్ట్రీ టీచర్:
ఫలితం ఉంటుంది. ఆర్ఓ పైపులోంచి బయటికి పోయే నీళ్లు మాత్రం వాడకండి, ఉప్పంతా అందులోనే ఉంటుంది. షాంపూ సీసా మీద డైసోడియం ఈడీటీఏ ఉందేమో కూడా చూడండి, అది కాల్షియాన్ని పట్టుకుంటుంది.

జయనగర్ పెద్దమ్మ:
ఆర్ఓ నీళ్లు తలకా? 2024 వేసవిలో తాగునీళ్లతో కారు కడిగితే ఐదు వేలు జరిమానా అన్న ఊరమ్మా ఇది. వాన నీళ్లు పట్టుకోండి. వాటిలో కాల్షియం దాదాపు ఉండదు, చిన్నప్పుడు మేం చూరు కింద గంగాళం పెట్టేవాళ్లం. ఇక్కడ మే నుంచి అక్టోబరు దాకా పడే వాన చాలు.

వైట్‌ఫీల్డ్ కెమిస్ట్రీ టీచర్:
దీనికి నేనూ సరేనంటాను. వాన మొదలైన వెంటనే పట్టకండి, మేడమీది దుమ్ము, పావురాల రెట్ట కొట్టుకుపోయాక పట్టండి. గుడ్డతో వడగట్టి, మూతపెట్టి, రెండు మూడు రోజుల్లో వాడేయండి. దోమలు గుడ్లు పెడతాయి. కుంకుడు రసం విషయంలో మాత్రం నా మాట మారదు. అందులో ఘాటు ఎంతుందో కొలిచే దారి లేదు, ఒక్కో కాయ ఒక్కోలా ఉంటుంది. స్కూలుకెళ్లే రోజున షాంపూయే మేలు.

జయనగర్ పెద్దమ్మ:
ఆదివారం స్కూలుండదుగా. ఆ రోజు కుంకుడు పోసి, జుట్టు ఆరాక పిల్లకి ఎలా ఉందో పిల్లనే చెప్పనివ్వండి.