‘ఖండాంతర విజయం’ అంటే ఎక్కడి విజయం?

ప్రశ్న: మాది విశాఖపట్నంలోని ఒక పాఠశాల. బ్రెజిల్ ఫుట్‌బాల్ జట్టు ఫ్లమెంగో గురించి పిల్లల గోడపత్రికకు ‘1981లో ఫ్లమెంగో క్లబ్బు సాధించిన ఖండాంతర విజయం’ అని శీర్షిక పెడితే, తోటి ఉపాధ్యాయులొకరు ‘అంతర్ఖండ’ అని దిద్దారు. ఏది సాధువో పెద్దలు దయచేసి చెప్పగలరు.

జవాబు: అమ్మా, ఆ దిద్దుబాటును నేను ఒప్పుకోలేను. ‘అంతర్’ తరువాత క, ఖ, ప, ఫలలో ఒకటి వస్తే రేఫం (ర్) నిలవదు, విసర్గ (ః) వస్తుంది. అంతఃకరణం, అంతఃపురం అన్నవి అలా ఏర్పడినవే. కాబట్టి ఆ మాట కావాలనుకుంటే ‘అంతఃఖండ’ అనాలి. అప్పుడు కూడా అంతర్యామి, అంతర్ముఖం వంటి మాటల బలం వల్ల ‘ఖండం లోపలి’ అనే అర్థమే ముందు తోస్తుంది. ‘అంతర్జాతీయ’లో ‘నడుమ’ అనే అర్థం ఆధునిక వాడుక వల్ల స్థిరపడింది గనుక దానితో పేచీ లేదు.

ఇక ‘ఖండాంతరం’. దేశాంతరం, జన్మాంతరం, భాషాంతరం అన్నట్లే దీనికి ‘మరొక ఖండం’ అని మొదటి అర్థం. మన రేవు నుంచి ఓడలు ఖండాంతరాలకు వెళ్తాయన్నప్పుడు మనం చెప్పేది అదే. అయితే ‘అంతరం’ అంటే నడుమనున్న చోటు కూడా. రెండు భుజాల నడిమి వక్షాన్ని కావ్యాలలో ‘భుజాంతరం’ అన్నారు. అందువల్ల ఐరోపా విజేత క్లబ్బుకూ దక్షిణ అమెరికా విజేత క్లబ్బుకూ నడుమ 1960 నుంచి 2004 వరకు సాగిన, ఫ్లమెంగో గెలిచిన ఆ ఫుట్‌బాల్ పోటీని ‘ఖండాంతర కప్పు’ అనడం నిర్దుష్టం.

చిక్కంతా ‘విజయం’తో కలిపినప్పుడే వస్తుంది. 1960లో స్పెయిన్ జట్టు రియల్ మాడ్రిడ్, ఉరుగ్వే జట్టు పెన్యరోల్ ఉరుగ్వే రాజధాని మాంటెవిడియోలో 0-0తో సమంగా నిలిచాక, రియల్ తన సొంత మైదానంలో 5-1తో గెలిచి కప్పు అందుకుంది. దానిని ‘ఖండాంతర విజయం’ అంటే పరాయి ఖండంలో గెలిచిందని పాఠకుడు పొరబడే వీలుంది. ఫ్లమెంగో సంగతి వేరు. 1980 నుంచి ఆ పోటీ జపాన్‌లో ఒకే ఆటగా జరిగింది. 1981 డిసెంబరు 13న టోక్యోలో జికో నడిపిన ఆ బ్రెజిల్ జట్టు ఇంగ్లండ్ జట్టయిన లివర్‌పూల్‌ను 3-0తో ఓడించింది. నూనెస్ రెండు, అడీలియో ఒకటి, మూడు గోల్సూ తొలి అర్ధభాగంలోనే కొట్టారు. ఐరోపా జట్టుపై, రెండు జట్లకూ పరాయిదైన ఆసియాలో సాధించిన గెలుపు అది. మాటకున్న రెండర్థాలూ ఇంత చక్కగా ఒకచోట అమరడం అరుదు. మీ శీర్షిక నాకెంతో నచ్చింది.

ప్రశ్న: ధన్యవాదాలండీ. లోపలి వ్యాసంలో ఒక విద్యార్థి ‘జగజ్జేత’ అని రాశాడు. రెండు ఖండాల పోటీకి అది అతిశయోక్తి కాదా?

జవాబు: ఆ రోజుల్లో రాసి ఉంటే అతిశయోక్తే, ఎందుకంటే ఆసియా, ఆఫ్రికా క్లబ్బులకు ఆ పోటీలో చోటే లేదు. కానీ 2017లో ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య అయిన ఫిఫా మండలి ఆ విజేతలందరినీ ప్రపంచ విజేతలుగా గుర్తించింది గనుక ఇప్పుడు తప్పు పట్టలేము. కాకపోతే ‘ఖండాంతర కప్పు గెలిచి, 2017లో ఫిఫా గుర్తింపుతో జగజ్జేతల వరుసలో చేరిన ఫ్లమెంగో’ అని వాక్యం విప్పి రాయించండి.