బర్మింగ్‌హామ్ సిటీ 2023–24: యూస్టేస్‌ను తొలగించడమే జట్టును ముంచిందా?

లెక్కల మాస్టారు

ఇంగ్లండు ఫుట్‌బాల్ క్లబ్బు బర్మింగ్‌హామ్ సిటీ 2025లో తిరిగి ఛాంపియన్‌షిప్‌కు, అంటే రెండో శ్రేణికి, చేరుకున్న ఈ సంబరంలో 2023–24 సీజన్ గురించి ఒక అనుకూలమైన కథ స్థిరపడిపోతోంది. ఆ సీజన్ రెండో సగంలో వచ్చిన మేనేజరు టోనీ మౌబ్రే అనారోగ్యం పాలు కావడం వల్లనే జట్టు మూడో శ్రేణికి పడిపోయిందని, అందులో ఎవరి తప్పూ లేదని ఆ కథ చెబుతుంది. నేను దానితో ఏకీభవించను.

2023 అక్టోబరు 9న మేనేజరు జాన్ యూస్టేస్‌ను తొలగించే నాటికి జట్టు 11 మ్యాచ్‌లలో 18 పాయింట్లు సంపాదించి ఆరో స్థానంలో ఉంది. అంతకు ముందు వారంలోనే హడర్స్‌ఫీల్డ్‌ను 4–1తోనూ, పొరుగునే ఉన్న వెస్ట్ బ్రామ్‌ను 3–1తోనూ ఓడించింది. రెండు రోజుల తరువాత వచ్చిన ఇంగ్లండు మాజీ కెప్టెన్ వేన్ రూనీ 15 మ్యాచ్‌లలో రెండు గెలిచి, నాలుగు డ్రా చేసుకుని, తొమ్మిది ఓడి, పది పాయింట్లతో సరిపెట్టారు. జనవరి 2న ఆయనను పంపించే నాటికి జట్టు 20వ స్థానంలో ఉంది. మిగిలిన 20 మ్యాచ్‌లలో మౌబ్రే, మార్క్ వీనస్, గ్యారీ రౌయెట్ ముగ్గురి హయాంలోనూ కలిపి 22 పాయింట్లు వచ్చాయి. మొత్తం 50. మన పైన ఉన్న ప్లిమత్ 51 పాయింట్లతో గట్టెక్కింది. ఆ ముగ్గురి సగటును రూనీ అందుకున్నా జట్టు ఛాంపియన్‌షిప్‌లోనే ఉండేది. యూస్టేస్ సగటు సంగతి చెప్పనే అక్కరలేదు.

ఈ లెక్కలో తప్పెక్కడుందో చూపించవలసిందిగా సభ్యులను కోరుతున్నాను.

ఆఫ్‌సైడ్ అప్పారావు

111 పాయింట్లతో లీగ్ వన్ (మూడో శ్రేణి) గెలిచి వచ్చిన జట్టుకు ఈ పాత పంచాయితీ ఎందుకండీ?

టిల్టన్ మెట్ల మీద

మాస్టారు గారూ, మీ కూడికలో తప్పు లేదు, ఆ కూడిక నుంచి మీరు తీసిన అర్థంలోనే ఉంది. రూనీ వెళ్ళిపోయేసరికి జట్టు చేతిలో 26 మ్యాచ్‌లకు 28 పాయింట్లున్నాయి, ఇంకా 20 మ్యాచ్‌లు మిగిలి ఉన్నాయి, కింది శ్రేణికి పడిపోయే చివరి మూడు స్థానాల్లో జట్టు లేదు. ఫిబ్రవరిలో మౌబ్రే ఆధ్వర్యంలో బ్లాక్‌బర్న్‌నూ సండర్లాండ్‌నూ వరుసగా ఓడించినప్పుడు నేను మా మైదానం సెయింట్ ఆండ్రూస్‌లోనే ఉన్నాను. ఆ వారం పడిపోవడం గురించి మాట్లాడిన వాడు నా చుట్టుపక్కల ఒక్కడూ లేడు. ఆ వెంటనే ఆయన చికిత్స కోసం సెలవు తీసుకోవలసి వచ్చింది. వీనస్ తాత్కాలికంగా నడిపిన వారాల్లో ఒక్క విజయం కూడా రాలేదు. మార్చి 19న రౌయెట్ వచ్చేసరికి ఎనిమిది మ్యాచ్‌లే మిగిలాయి. జట్టు పడింది అక్కడ.

రూనీకి ఎదురైన ప్రత్యర్థులను కూడా మీరు పేర్కొనలేదు. ఆ 15 మ్యాచ్‌లలో లెస్టర్, ఇప్స్‌విచ్, సౌతాంప్టన్, లీడ్స్ నాలుగూ ఉన్నాయి. మొదటి మూడూ ఆ ఏడాదే పై శ్రేణి అయిన ప్రీమియర్ లీగ్‌కు వెళ్ళాయి, నాలుగోది పైకి వెళ్ళే ఆఖరి చోటు కోసం జరిగే ప్లేఆఫ్ ఫైనల్ వరకు వెళ్ళింది.

లెక్కల మాస్టారు

లీడ్స్ పేరు మీరే ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. అదే లీడ్స్‌ను ఆగస్టులో ఇదే ఆటగాళ్ళతో యూస్టేస్ 1–0తో ఓడించారు. జనవరి 1న రూనీ జట్టు దాని చేతిలో 3–0తో ఓడింది, మరునాడే ఆయన ఉద్యోగం పోయింది.

ఇక ఇప్స్‌విచ్. నవంబరు మొదట్లో సొంత మైదానంలో 2–0 ఆధిక్యంలో ఉండి, ఆఖరి భాగంలో రెండు గోల్స్ సమర్పించుకుని 2–2తో ముగించారు. అక్కడ జారిపోయిన రెండు పాయింట్లు చేతిలో ఉంటే మొత్తం 52 అయ్యేది, ప్లిమత్ కింద పడేది.

టిల్టన్ మెట్ల మీద

ఆ సీజన్‌లో 96 పాయింట్లు సాధించిన ఇప్స్‌విచ్‌తో డ్రా చేసుకోవడం మీకు నేరంగా కనిపిస్తోందా? ఆ మ్యాచ్‌కు ముందు ఎవరైనా ఒక పాయింటు ఇస్తామంటే ఈ వేదికలో అందరూ కళ్ళకద్దుకుని తీసుకునేవారు.

లెక్కల మాస్టారు

మ్యాచ్‌కు ముందు తీసుకునేవారు, 2–0 అయిన తరువాత కాదు. ఆధిక్యాన్ని కాపాడుకోవడం ఆటగాళ్ళకు నేర్పవలసిన వాడు మేనేజరు కాదా? డిసెంబరులో ప్లిమత్‌తో 3–3 కూడా ఉంది. ఆ మ్యాచ్ గెలిచి ఉంటే మనకు 52, వారికి 50. ఆ ఒక్క సాయంత్రం ఫలితం మారినా మనం ఈ చర్చ చేసేవాళ్ళమే కాదు.

టిల్టన్ మెట్ల మీద

46 మ్యాచ్‌ల సీజన్‌లో మీకు నచ్చిన రెండు డ్రాలను ఏరుకుని, వాటిని సరిచేస్తే అంతా సరిపోయేదంటున్నారు. అదే పద్ధతిలో నేను వీనస్ హయాంలో సౌతాంప్టన్‌తో 4–3గా ఓడిన మ్యాచ్‌ను ఏరుకుంటే అప్పుడు తప్పు ఎవరిదవుతుంది? ఇప్స్‌విచ్ మ్యాచ్ సంగతి ఇకనైనా వదిలిపెట్టండి.

గోదారి గట్టు

నాకు ఫుట్‌బాల్ గణాంకాలు మీ ఇద్దరంతగా తెలియవు, కానీ ఈ వ్యవహారం నాకు జరిగిన దానిలాగే ఉంది. మా సంస్థలో ఒక ప్రాజెక్టును ఒక పెద్దాయన నెమ్మదిగా, గొప్ప పేరేమీ లేకుండా, నిలబెట్టారు. పై వారు మారగానే, పని బాగా జరుగుతున్న సమయంలోనే, ఆయనను పక్కన పెట్టి, బయట పేరున్న వ్యక్తిని తెచ్చి మా నెత్తిన కూర్చోబెట్టారు. కొత్తాయన వచ్చిన మొదటి సమావేశంలోనే మా పద్ధతులన్నీ పాతబడిపోయాయని ప్రకటించారు. ఆ తరువాత ఏమి జరిగిందో విడమరచి చెప్పనక్కరలేదు, నేను ఆ ఉద్యోగం వదిలేశాను. యూస్టేస్ వార్త చదివిన రోజు నాకు గుర్తుకొచ్చింది ఆ పెద్దాయనే.

ఆఫ్‌సైడ్ అప్పారావు

గోదారి గారూ, మీ ప్రాజెక్టుకు రిలిగేషన్ (కింది శ్రేణికి పడిపోవడం) ఉందా, లేక ప్లేఆఫ్స్ కూడా పెట్టారా?

గోదారి గట్టు

నవ్వండి. వెళ్ళిపోయిన మనిషికి ఏమి బాకీ పడ్డామనే ప్రశ్నను మీ ఇద్దరి లెక్కల్లో ఎక్కడా చూడలేదని మాత్రమే నేను చెప్పదలచుకున్నాను.

ఉక్కునగరం

ఆలస్యంగా వచ్చినందుకు మన్నించండి. విశాఖలో పెరిగినదాన్ని కాబట్టి ఇంగ్లండులో ఉక్కుకు పేరుపడ్డ షెఫీల్డ్ జట్టునే ఎంచుకున్నాను. నాది షెఫీల్డ్ వెన్స్‌డే. మాస్టారు గారి వాదనలో నాకు ఒక ఇబ్బంది కనిపిస్తోంది. సీజన్ మధ్యలో మేనేజరును మార్చడమే తప్పన్నట్టుగా ఆయన రాస్తున్నారు. అదే శ్రేణిలో, అదే అక్టోబరులో మేమూ మార్చాం. చిస్కో మున్యోస్ పది మ్యాచ్‌లలో రెండు పాయింట్లు తెచ్చిన తరువాత ఆయనను తొలగించి డానీ రోల్‌ను తీసుకున్నారు. చివరికి మేము 53 పాయింట్లతో బయటపడ్డాం. మార్చకపోతే మా గతి ఏమయ్యేదో ఊహించడానికి కూడా నాకు ధైర్యం చాలదు.

లెక్కల మాస్టారు

మీ ఉదాహరణ నా వాదనకే బలమిస్తుంది. మీరు మార్చింది అట్టడుగున ఉన్నప్పుడు; అంతకంటే దిగజారడానికి చోటు లేదు. బర్మింగ్‌హామ్ మార్చింది ఆరో స్థానంలో ఉన్నప్పుడు. పైగా యూస్టేస్ ఖాళీగా కూర్చోలేదు: 2024 ఫిబ్రవరిలో బ్లాక్‌బర్న్ చేరి, చివరి రోజున ఛాంపియన్లైన లెస్టర్‌ను వారి మైదానంలోనే 2–0తో ఓడించి, 53 పాయింట్లతో ఆ జట్టును కాపాడారు. తరువాతి ఏడాది మధ్యలో డెర్బీకి వెళ్ళి దాన్నీ నిలబెట్టారు. అదే 2024–25లో రూనీ ప్లిమత్‌కు మేనేజరయ్యారు. డిసెంబరు చివరికి ఆ జట్టును పట్టికలో ఆఖరి స్థానంలో వదిలి వెళ్ళారు. ఇంకా ఏమి రుజువు కావాలి?

టిల్టన్ మెట్ల మీద

తరువాత జరిగిన వాటిని తీసుకువచ్చి అక్టోబరు 2023 నాటి నిర్ణయాన్ని తూచడం న్యాయం కాదు. ఆనాటికి రూనీ గురించి తెలిసినది డెర్బీ. 2021–22లో ఆ క్లబ్బుకు 21 పాయింట్లు కోత పడినా, దివాలా పరిస్థితుల మధ్య, ఆయన జట్టు మైదానంలో 55 పాయింట్లు సంపాదించింది. కోత లేకపోతే హాయిగా ఆ శ్రేణిలోనే ఉండేది. అదే యూస్టేస్ బ్లాక్‌బర్న్ ఫిబ్రవరిలో మా ఊరు వచ్చి మౌబ్రే చేతిలో ఓడిపోయిన సంగతిని కూడా మీ జాబితాలో చేర్చుకోండి.

నాకు విసుగొస్తోంది, దాచుకోను. హైదరాబాదులో కూర్చుని పట్టిక చూసే వారికి ఆరో స్థానం ఒక అంకె. మేము 2019లో ఖర్చుల నిబంధనలు ఉల్లంఘించినందుకు తొమ్మిది పాయింట్లు పోగొట్టుకున్నాం. స్టేడియంలో రెండు స్టాండ్ల కింది అంతస్తులు ఏళ్ళ తరబడి మూతపడి ఉంటే ఆ ఖాళీ కుర్చీల మీదుగా ఆట చూశాం. ఏటా పదిహేడో స్థానమో, ఇరవయ్యో స్థానమో, అదే మాకు పండుగ. అలాంటి క్లబ్బును 2023లో అమెరికన్ పెట్టుబడిదారు టామ్ వాగ్నర్ బృందం కొని, ఇక్కడి నుంచి ప్రీమియర్ లీగ్‌కు వెళ్దామంటే, ఆ మాట మాకు ఎంత కొత్తగా వినిపించిందో మీకు తెలియదు.

లెక్కల మాస్టారు

నేను ఎక్కడ కూర్చున్నానన్నది లెక్కను మార్చదు. టికెట్టు కొన్నవాడికే మాట్లాడే హక్కుందంటే ఈ వేదికను మూసేసుకోవచ్చు. అయినా మీరిప్పుడు నా ప్రశ్న వదిలేసి వేరే సంగతి మాట్లాడుతున్నారు. జట్టు ఎందుకు పడిందని నేనడిగితే, యజమానులు ఎందుకు ప్రియమైనవారో మీరు చెబుతున్నారు.

టిల్టన్ మెట్ల మీద

ఎందుకంటే మీరు అడగాలనుకున్నది కూడా అదే. మీ కోపం రూనీ మీద కాదు, డబ్బున్న అమెరికన్లు వచ్చి, చెదరని జట్టును కదిలించారన్న దాని మీద. మాస్టారూ, నేను సూటిగా చెబుతున్నాను: వాగ్నర్ కుర్చీలో నేనున్నా యూస్టేస్‌ను మార్చేవాడినే. ఆయన మొదటి సీజన్‌లో 17వ స్థానం తెచ్చారు. రెండో సీజన్‌లో 11 మ్యాచ్‌లు బాగా ఆడించారు. పదకొండు మ్యాచ్‌లు చూసి ఒకరిని నమ్మమంటున్న మీరే, రూనీ తనకు 13 వారాలు చాలలేదని అన్నప్పుడు ఎగతాళి చేశారు. ఒకరి విషయంలో కొద్ది మ్యాచ్‌లు రుజువవుతాయి, మరొకరి విషయంలో సాకవుతాయా?

లెక్కల మాస్టారు

యూస్టేస్ సాకు వెతకలేదు. ఆయనకు ఆ అవసరమే రాకుండా, గెలుస్తుండగానే తీసేశారు. మీ మాటను బట్టి చూస్తే, ఆయన ఇంకేమి చేసి ఉంటే ఉద్యోగం నిలిచేది? మొదటి స్థానమా? రెండోదా? ఒక మనిషి తనకు అప్పగించిన పనిని అనుకున్న దాని కంటే మెరుగ్గా చేసినా పీకేయవచ్చంటే, ఆ క్లబ్బులో ఇక ఎవరు ఏ ధైర్యంతో పనిచేస్తారు?

గోదారి గట్టు

మొదటి నుంచీ నేనడుగుతున్నది ఇదే. అప్పుడు మీ ఇద్దరూ ఇప్స్‌విచ్ మ్యాచ్‌లో ఉన్నారు.

టిల్టన్ మెట్ల మీద

గోదారి గారూ, మాస్టారు గారూ, దీనికి నా సమాధానం మీ ఇద్దరికీ నచ్చదు. బాకీ ఏమీ లేదు. మంచి పని చేసిన వాడికి క్లబ్బు కృతజ్ఞతలు చెప్పాలి, ఒప్పందం ప్రకారం డబ్బు చెల్లించాలి, అంతటితో సరి. క్లబ్బు ఏ ఎత్తుకు చేరాలో నిర్ణయించుకునే హక్కు దాన్ని కొన్నవారిది. పడిపోయిన తరువాత వారు పారిపోలేదు. ఫుల్హామ్ నుంచి అద్దెకు వచ్చి వెళ్ళిన జే స్టాన్స్‌ఫీల్డ్‌ను లీగ్ వన్ చరిత్రలో ఎవరూ పెట్టనంత ధర పెట్టి కొన్నారు. మేనేజరుగా క్రిస్ డేవిస్‌ను తెచ్చారు. 46 మ్యాచ్‌లలో 34 గెలిచారు, మూడే ఓడారు. ఇంగ్లండు మొదటి నాలుగు శ్రేణుల్లో అంతకు ముందు ఏ జట్టుకూ 111 పాయింట్లు రాలేదు.

లెక్కల మాస్టారు

మూడో శ్రేణిలో మరెవరికీ లేనంత డబ్బు పోసి గెలిచినదాన్ని చూపించి, ఆ శ్రేణికి దిగజార్చిన నిర్ణయాన్ని సమర్థించడం నాకు అంతుపట్టడం లేదు. 1995లో వదిలి వచ్చిన మూడో శ్రేణికి మళ్ళీ వెళ్ళడాన్ని మీరు పెట్టుబడిలో భాగమంటున్నారు.

ఉక్కునగరం

ఇద్దరూ ఒక్క క్షణం ఆగండి. టిల్టన్ గారు యూస్టేస్‌ను మార్చడం వేరు, రూనీని తేవడం వేరు అంటున్నట్టు నాకు అర్థమైంది. మార్పు అనివార్యమే అనుకుందాం. అదే వారంలో, రూనీ వచ్చిన రెండు రోజులకు, మేము డానీ రోల్‌ను తీసుకున్నాం. వయసు 34, అంతకు ముందు ఎక్కడా ప్రధాన కోచ్‌గా పనిచేయలేదు, కానీ బయర్న్ మ్యూనిక్‌లోనూ జర్మనీ జాతీయ జట్టులోనూ హాన్సీ ఫ్లిక్ దగ్గర సహాయకుడిగా పనిచేశారు. మా కంటే ఎక్కువ డబ్బూ, మెరుగైన స్థానమూ ఉన్న మీ క్లబ్బు అలాంటి మనిషి కోసం ఎందుకు వెతకలేదు?

టిల్టన్ మెట్ల మీద

ఎందుకంటే ఆ వారం బర్మింగ్‌హామ్‌లో ఆ పేరు వినడానికి ఎవరూ గేటు దాకా వచ్చేవారు కాదు.

లెక్కల మాస్టారు

మేనేజరును పెట్టుకునేది జనం గేటు దాకా రావడానికా?

టిల్టన్ మెట్ల మీద

కొంతవరకు అందుకే. అమెరికన్ ఫుట్‌బాల్ తార టామ్ బ్రేడీ వాటా తీసుకున్న క్లబ్బు అది. బయటి ప్రపంచం మా వైపు చూడటం మొదలైన కొద్ది నెలలకే వచ్చిన నిర్ణయం అది. కొత్త స్టేడియం కట్టాలన్నా, ప్రాయోజకులు రావాలన్నా, ఆటగాళ్ళు ఈ ఊరి పేరు వినాలన్నా ఒక పెద్ద పేరు కావాలని వారు అనుకున్నారు. ఆ పేరున్న మనిషికి జట్టును నడపడం చేతకాలేదు. పేరు కోసం వెతకడం తప్పని మాత్రం నేను ఈ రోజుకీ ఒప్పుకోను.

గోదారి గట్టు

మా సంస్థ వాళ్ళు కూడా ఒప్పుకోలేదు.